బళ్ళారి రాఘవ, స్థానం నరసింహారావు సినిమాల్లో ఎందుకు నిలవలేదు? సి.ఎస్.ఆర్. ఎలా నిలిచారు?

మీరు అడిగింది ఇది: "మా తాతగారు బళ్ళారి రాఘవ, స్థానం నరసింహారావుల పేరెత్తితే చాలు, పొద్దుపోయేదాకా చెబుతూనే ఉంటారు. రాఘవను తాతగారి నాన్నగారు చూశారట, స్థానాన్ని తాతగారే చిన్నప్పుడు చూశారట. తీరా వెతికితే వాళ్ళ సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. అంత గొప్ప నటులైతే సినిమాలో ఎందుకు నిలవలేదు? నాగయ్య, ఎస్.వి. రంగారావు కూడా నాటకాల నుంచి వచ్చినవారే కదా? నేను పరిషత్తు పోటీ నాటకాల్లో వేస్తున్నాను, కెమెరా ముందుకు వెళ్ళాలని ఉంది. నాకు దీన్నుంచి ఏం తెలుస్తుంది?"

ముందు సూటిగా సమాధానం. వాళ్ళ నటనలో లోపం లేదు. రాఘవ సినిమా కంటే ముందు నడిచారు, సినిమా ఆయనను అందుకునేసరికి ఆయన లేరు. స్త్రీ వేషాలు కట్టిన స్థానం గారి కళ దూరం మీద ఆధారపడిన కళ, కెమెరా ఆ దూరాన్ని తీసేసింది. నిలిచినవారిలో ఎక్కువమంది ముప్పై ఏళ్ళ లోపో, ఆ చుట్టుపక్కలో సినిమాలోకి వచ్చి అక్కడ మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నారు. మీలాంటివారికి పనికొచ్చే పాఠం మాత్రం వీళ్ళందరికంటే సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గారి దగ్గర ఉంది. ఆయన గురించి తీరిగ్గా చెబుతాను.

నేను నలభై ఏళ్ళకు పైగా పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాను. గత పదిహేనేళ్ళుగా సీరియళ్ళలో, సినిమాల్లో అవకాశం వచ్చిన రంగస్థల నటులకు సంభాషణ చెప్పడంలో సాయం చేస్తున్నాను. హార్మోనియం ముందు కూర్చున్నవాడికి నటుడి ముఖం కంటే అతని ఊపిరి ముందు తెలుస్తుంది. పద్యం ఎక్కడ విరుస్తాడో, ఎక్కడ నిలబెడతాడో, ఏ అక్షరం దగ్గర ఆయాసపడతాడో కనిపెట్టకపోతే వేళ్ళు వెనకబడిపోతాయి. కాబట్టి నేను చెప్పేదంతా ఆ పక్కనుంచి చూసి చెప్పేదే.

ఆ కాలపు నాటకం ఎలా ఆడేవారో ఒకసారి ఊహించుకోండి. మైకు లేదు. పెట్రోమాక్సు దీపాలు. ముందు చాపల మీద జనం, వెనక బళ్ళ మీద జనం. చివరి వరుసలో ఉన్నవాడికి నటుడి కళ్ళు కనిపించవు. కనిపించేవి కిరీటం, చేతి ఊపు, నడక. వినిపించేది గొంతు. ముఖానికి అర్దళం, సఫేదా వంటి రంగులు అంత మందంగా పూయడానికి కారణం అదే. పద్యం చివర అంత పొడుగు ఆలాపన ఎందుకంటే, అక్కడిదాకా అందేది అదొక్కటే. జనం "వన్స్‌మోర్" అంటే, చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి పద్యం మళ్ళీ పాడి మళ్ళీ పడిపోయేది. అది ఆ నటుడి తప్పూ కాదు, జనం తప్పూ కాదు. జనం వచ్చిందే పద్యం కోసం.

ఇక రాఘవ గారు. అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880లో తాడిపత్రిలో పుట్టారు, బళ్ళారిలో పేరుమోసిన న్యాయవాది. ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. ఇంట్లోనే నాటకం ఉంది, కానీ ఆయన ఆ దారినే పోలేదు. పద్యాన్ని రాగం తీసి సాగదీయడం ఆయనకు గిట్టదు. పాత్ర మాట్లాడాలి గాని కచేరీ చేయకూడదన్నది ఆయన పట్టుదల. కోలాచలం శ్రీనివాసరావు గారి 'రామరాజు చరిత్ర'లో ఆయన పఠాన్ రుస్తుం వేషం గురించి పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆడవేషం ఆడవాళ్ళే వేయాలని వాదించి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న స్త్రీలను రంగం మీదికి తెచ్చిన మనిషి.

ఇదంతా వింటే, ఈయన సినిమాకు అతికినట్టు సరిపోవాలి కదా అనిపిస్తుంది. నిజమే, సరిపోవాలి. కానీ ఆయన చేతికి వచ్చిన సినిమా ఏది? 1936లో ఒకే కథ మీద రెండు చిత్రాలు పోటీ పడ్డాయి. 'ద్రౌపదీ మానసంరక్షణం'లో రాఘవ దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు, సురభి కమలాబాయి ద్రౌపది. 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, సి.ఎస్.ఆర్. కృష్ణుడు, కన్నాంబ ద్రౌపది. నాటకరంగపు పేరును బట్టి పందెం కాస్తే చాలామంది మొదటిదాని మీదే కాసేవారు. గెలిచింది రెండోది.

ఎందుకని? నేను అర్థం చేసుకున్నది ఇది. ఆనాటి టాకీ అంటే ముక్కాలు మువ్వీసం కెమెరా ముందు ఆడిన నాటకమే. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా ధర్మవరం వారి నాటకాన్ని ఆధారం చేసుకుని తీసిందే. జనం సినిమా హాలుకు వచ్చింది పద్యం వినడానికే. ఆ పద్యాన్నే రాఘవ గారు పాతికేళ్ళుగా తగ్గించుకుంటూ వచ్చారు. పాడే కృష్ణుడు, పాడే ద్రౌపది కావలసిన చోట ఆలోచించే దుర్యోధనుడు నిలబడ్డాడు. పైగా అప్పటికి ఆయనకు 56 ఏళ్ళు, బళ్ళారిలో వృత్తి ఉంది, నటన ఆయనకు తిండి పెట్టే పని కాదు. మద్రాసులో కాపురం పెట్టి నిర్మాతల చుట్టూ తిరగవలసిన అవసరమూ లేదు, ఓపికా లేదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ'లో, 1940లో 'చండిక'లో కనిపించారు. 'రైతుబిడ్డ' జమీందారులకు కోపం తెప్పించి నిషేధం ఎదుర్కొన్న సినిమా. సాంఘికం కాబట్టి రాఘవ గారి పద్ధతికి కాస్త దగ్గరగా వచ్చింది అదే. 1946లో ఆయన కన్నుమూశారు. తెలుగు సినిమా గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టింది ఆ తర్వాతి పదేళ్ళలోనే. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

స్థానం వారి సంగతి వేరు. బాపట్లలో 1902లో పుట్టారు. 'హరిశ్చంద్ర' ఆడే రోజున చంద్రమతి వేషధారి రాకపోతే ఆ వేషం కట్టారు, అక్కడినుంచి ఆంధ్రదేశానికి సత్యభామ అయ్యారు, చిత్రాంగి అయ్యారు, చింతామణి, మధురవాణి అయ్యారు. తెనాలి రామవిలాస సభ నాటకాలకు జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారు. 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామ పాడే "మీరజాలగలడా" పాట ఆయన కూర్చినదే. 1956లో పద్మశ్రీ వచ్చింది. 1942లో వచ్చిన 'సత్యభామ' సినిమాలో నటించారు, కానీ సినిమా ఆయనను తనవాడిగా చేసుకోలేదు.

స్త్రీ వేషం వేసే పురుషుడు ప్రేక్షకుడితో ఒక ఒప్పందం చేసుకుంటాడు. "నేను మగవాణ్ణని నీకు తెలుసు, అయినా నన్ను సత్యభామగా చూడు" అంటాడు. ప్రేక్షకుడు సరేనంటాడు. ముప్పై అడుగుల దూరంలో, పెట్రోమాక్సు వెలుగులో, ఆ చీర కుచ్చిళ్ళు, ఆ జడ విసురు, ఆ ఓరచూపు చూస్తూ ఆ ఒప్పందం రాత్రంతా నిలబడుతుంది. కెమెరా మూడడుగుల దగ్గరికి వచ్చి గడ్డం ఎముకను, గొంతు ముడిని చూపిస్తుంది. ఒప్పందం చెడిపోతుంది. అప్పటికే తెర మీద కన్నాంబ, కాంచనమాల ఉన్నారు. జనం అసలు ఆడవాళ్ళను చూడటానికి అలవాటు పడ్డారు.

ఇక్కడ ఒక మాట. సురభి వారిని మరచిపోవద్దు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాలు ఆడవేషాలు ఆడవాళ్ళచేతనే వేయించాయి. అందుకే మన తొలి టాకీకి లీలావతి కావలసివస్తే సురభి కమలాబాయి సిద్ధంగా ఉన్నారు.

మరి నాగయ్య గారు చిత్తూరులో చిత్రాంగి వేషం వేశారు, అక్కినేని కుర్రతనంలో ఆడవేషాలకే పేరు తెచ్చుకున్నారు, వాళ్ళెలా నిలిచారని మీరు అడగవచ్చు. వాళ్ళు చీరను నాటకంలోనే వదిలి వచ్చారు. అక్కినేనిని విజయవాడ రైల్వే స్టేషనులో ఘంటసాల బలరామయ్య గారు చూసేనాటికి ఆయనకు ఇరవై ఏళ్ళు, అటూ ఇటూ. ఏ అచ్చులోనైనా పోయవచ్చు. 1938లో 'గృహలక్ష్మి'తో సినిమాలోకి వచ్చేనాటికి నాగయ్య గారికి 34. ఆయన పాట కచేరీ పాట కాదు, తనలో తాను పాడుకునే పాట. 'పోతన'లో, 'త్యాగయ్య'లో చూడండి, ఆయన ఎవరికో వినిపించడానికి పాడినట్టు ఉండదు. మైకుకు కావలసింది సరిగ్గా అదే.

ఇక సి.ఎస్.ఆర్. గారి దగ్గరికి వద్దాం. చిలకలపూడి సీతారామాంజనేయులు. 1907లో పుట్టారు. నాటకంలో కృష్ణుడంటే ఆయన. 1936 పోటీలో గెలిచిన కృష్ణుడూ ఆయనే. 1939లో 'బాలాజీ'లో వేంకటేశ్వరుడు. అందం, గొంతు, పద్యం మూడూ ఉన్న కథానాయకుడు. తర్వాత ఏమైంది? నేపథ్యగానం వచ్చింది. పాడే గొంతు ఒకరిది, ముఖం ఒకరిది కావచ్చని తేలిపోయింది. ఘంటసాల గారు వచ్చాక పద్యం తీరే మారిపోయింది. ఆలాపన తగ్గింది, భావం ముందుకు వచ్చింది, ప్రతి మాటా విడివిడిగా వినిపించింది. 'మాయాబజార్'లో ఘటోత్కచుడి పాట మాధవపెద్ది సత్యం పాడితే రంగారావు గారు ఆరగించారు. పాడగలగడమే పెట్టుబడిగా ఉన్న నటుడికి ఇది కాళ్ళ కింద నేల కదిలినట్టే. ఎంతోమంది అక్కడే ఆగిపోయి, కాంట్రాక్టరు నటులను కుదిర్చి ఆడించే నాటకాల్లో శేషజీవితం గడిపారు.

సి.ఎస్.ఆర్. ఆగలేదు. కిరీటం దించేశారు. 'పాతాళభైరవి'లో రాజుగారు, 'మాయాబజార్'లో శకుని, 'జగదేకవీరుని కథ'లో రాజనాల పక్కన మంత్రి. ఆయన పద్యం వదిలేశారు, పద్యంలోని ఊపిరి మాత్రం వదల్లేదు. ఆ మంత్రి తన రాజును పిలిచే పిలుపు ఒక్కటి వినండి. మాట ఎత్తుకోవడం, నడుమ సన్నగా సాగదీయడం, చివర ఠక్కున తుంచి వదలడం, ఇదంతా పద్యం ఎత్తుగడే. రాగం లేదు, అంతే. శకునిగా ఆయన గొంతు పెంచిన చోట్లు తక్కువ. వాక్యం చివర వచ్చే ఆ చిన్న ఆగుడులోనే కుట్ర అంతా ఉంటుంది. హార్మోనియం వాయించేవాడిగా చెబుతున్నాను, ఆ ఆగుడు యతి తెలిసినవాడికే వస్తుంది. నాకు మాట అంటే ఏమిటో నేర్పిన గురువులు వేరే ఉన్నారు, కానీ మాటను ఎక్కడ ఆపాలో నేను నేర్చుకున్నది సి.ఎస్.ఆర్. శకుని దగ్గరే.

రంగారావు గారి దారి దీనికి ఎదురు. ఆయన పద్యనాటకం మనిషి కాదు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో ఆడినవారు, షేక్‌స్పియర్ పాత్రలు ఇంగ్లీషులో వేసినవారు, అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేసినవారు. మొదటి సినిమా 'వరూధిని' ఆడలేదు. సినిమా వదిలి జంషెడ్‌పూర్‌లో ఉద్యోగానికి వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చి 1951లో 'పాతాళభైరవి' మాంత్రికుడు అయ్యారు. 'నర్తనశాల' కీచకుడికి జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి. వదులుకోవడానికి ఆలాపన లేకపోవడం ఆయనకు కలిసివచ్చిందని నా నమ్మకం. భారీ విగ్రహం, గొంతు మాత్రం అవసరమైనంతే.

అయితే, నేను చెప్పిన సూత్రం అందరికీ వర్తిస్తుందని అనుకోవద్దు. వేమూరి గగ్గయ్య గారు తెర మీద కూడా గర్జించే మాట్లాడారు, జనం నీరాజనం పట్టారు. కన్నాంబ గారు నాటకపు వాచికాన్ని ఎన్నడూ తగ్గించుకోలేదు. 1935 'హరిశ్చంద్ర'లో చంద్రమతి నుంచి 1947 'పల్నాటి యుద్ధం'లో నాగమ్మ దాకా ఆ మాట కంచు గంటే. వాళ్ళకు దొరికిన పాత్రలు యముడు, కంసుడు, మహారాణి, మంత్రిణి. పాత్రే ఎత్తు మీద నిలబడి మాట్లాడేది అయినప్పుడు గొంతు తగ్గించనక్కర్లేదు. ధూళిపాళ సీతారామశాస్త్రి గారు 1960లలో వచ్చి కూడా పౌరాణికాల్లో నాటకపు ఉచ్చారణతోనే నిలిచారు. కాబట్టి గొంతు తగ్గించడమే సినిమా నటన అని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి.

వయసు కూడా అడ్డుగోడ కాదు. జె.వి. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేస్తూ, ఏళ్ళ తరబడి 'కన్యాశుల్కం'లో రామప్ప పంతులు వేసి, యాభై దాటాక 1980లో 'శంకరాభరణం'తో దేశానికంతా తెలిశారు. ఆయనది వచన నాటకం. రాఘవ గారు కోరుకున్న మాట్లాడే నాటకం అప్పటికి పరిషత్తుల్లో స్థిరపడిపోయింది, అందుకని ఆయనకు దించుకోవలసిన బరువు తక్కువ.

ఇప్పుడు మీ సంగతి. మీరు పరిషత్తు నటులు కాబట్టి పద్యనాటకం వాళ్ళంత దూరం ప్రయాణించనక్కర్లేదు. అయినా ఒక అనుభవం చెబుతాను.

పన్నెండేళ్ళ కిందట మా బృందంలోని ఒక పెద్దాయనను పౌరాణిక సీరియల్‌లో చిన్న వేషానికి పిలిచారు. ముప్పై ఏళ్ళు దుర్యోధనుడు వేసిన మనిషి. తోడుగా నన్ను తీసుకెళ్ళారు. ఉన్నది నాలుగు వాక్యాలు. మొదటి వాక్యానికే శబ్దం పట్టే కుర్రవాడు చెవులకున్నవి తీసి పక్కన పెట్టేశాడు. దర్శకుడు మర్యాదగానే "కొంచెం తగ్గించండి సార్" అన్నాడు. పెద్దాయన గొంతు తగ్గించారు, కానీ కళ్ళు తగ్గలేదు. కెమెరా నాలుగడుగుల్లో ఉంటే ఆయన చూపు దాని నెత్తి మీదుగా ఎక్కడో లేని చివరి వరుసను వెతుకుతోంది. పదకొండు సార్లు తీశారు. పన్నెండోసారికి ఆయన చేతులు వణకడం మొదలైంది. టీ విరామం ఇచ్చారు.

పక్కకు తీసుకెళ్ళి ఏం చెప్పాలో నాకూ తోచలేదు. అప్పుడు ఒకటి తట్టింది. నాటకం నడుస్తుండగా, పద్యానికీ పద్యానికీ నడుమ, ఆయన నా వైపు తిరగకుండానే, పెదవి కదిలీ కదలనట్టు "అర శ్రుతి దించవయ్యా, ఈ రోజు గొంతు బాగాలేదు" అనేవారు. జనానికి తెలియదు. ఎదుట ఉన్న కృష్ణుడికీ తెలియదు. ముఖం దుర్యోధనుడిదే, మాట నాకొక్కడికే. అదే గుర్తుచేశాను. "బాబాయిగారూ, ఆ గొంతుతో చెప్పండి. కెమెరా పక్కన నేను నిలబడతాను, నాకే చెప్పండి" అన్నాను. నాలుగు వాక్యాలూ ఒక్కసారిలో అయిపోయాయి.

అప్పటినుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి రంగస్థల నటుడికీ ఇదే చెబుతున్నాను. కెమెరాకు కావలసిన గొంతు మీ దగ్గర ముందే ఉంది. రంగం మీద పక్కవాడితో జనానికి తెలియకుండా మాట్లాడే గొంతు అది. తోటి నటుడు మాట మరచిపోతే అందిస్తాం చూడండి, అదే.

ఇంట్లో చేసుకోవడానికి ఒక సాధన. తిరుపతి వేంకట కవుల "బావా! ఎప్పుడు వచ్చితీవు?" పద్యం తీసుకోండి. అందరికీ నోటికి వచ్చేదే. మొదట రాగంతో, మీకు తెలిసినట్టే పాడండి, ఎక్కడ ఊపిరి తీసుకున్నారో గుర్తుపెట్టుకోండి. తర్వాత రాగం తీసేసి, ఊపిరి మాత్రం ఆ చోట్లలోనే తీసుకుంటూ మామూలుగా చెప్పండి. చివరికి గది అవతల నిద్రపోతున్న మనిషి లేవకుండా చెప్పండి. ఆ మూడోసారి ఒక సంగతి బయటపడుతుంది. అది నిజంగా ప్రశ్న. దుర్యోధనుడు తలవైపు కూర్చున్నాడని తెలిసే, తెలియనట్టు కృష్ణుడు అడుగుతున్న ప్రశ్న. రాగంలో ఆ గడుసుతనం చాలాసార్లు మునిగిపోతుంది. మా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి నెల రోజులు ఈ ఒక్క పద్యమే చెప్పింది. ఇప్పుడు సీరియళ్ళలో మంచి తల్లి వేషాలు వేస్తోంది, మాట తడబడదు, ఒక్క అక్షరమూ మింగదు.

రాఘవ గారి కోసం 'రైతుబిడ్డ' చూడండి. పాత ముద్రణ, శబ్దం అంత బాగుండదు, ఓపిక పట్టండి. చుట్టూ ఉన్నవాళ్ళు నాటకం ఆడుతుంటే ఆయన ఎదుటివాడి మాట వింటున్నప్పుడు ముఖం ఎలా పెట్టారో గమనించండి. ఆ తర్వాత 'మాయాబజార్'లో శకుని వచ్చే ఘట్టాలు ఒకసారి కళ్ళు మూసుకుని వినండి, మాటలు వదిలేసి ఆగుళ్ళు లెక్కపెట్టండి.

స్థానం వారిని మాత్రం సినిమాలో వెతకవద్దు. ఆయన మీ తాతగారి దగ్గర ఉన్నారు. ఏ ఊళ్ళో చూశారు, ఏ వేషం, ఎంత దూరంలో కూర్చున్నారు, సత్యభామ నడిచి వచ్చినప్పుడు పక్కనున్నవాళ్ళు ఏమన్నారు, ఇవన్నీ అడిగి ఫోనులో రికార్డు చేయండి. వీలైతే ఆ నడక ఒకసారి నడిచి చూపించమనండి.